జహీరాబాద్ వైపు మేనేజ్డ్ ఫార్మ్ ల్యాండ్: నాలుగేళ్ళ తర్వాత నా రివ్యూ

2021 సెప్టెంబర్‌లో జహీరాబాద్ దాటాక ఒక ఫార్మ్ ల్యాండ్ వెంచర్లో 20 గుంటలు తీస్కున్నాం, అంటే అరెకరం, గజాల్లో చెప్పాలంటే 2420. కంపెనీ పేరు రాయట్లేదు. ముంబై హైవే మీద వెళ్తుంటే కనిపించే హోర్డింగుల్లో చాలావరకు ఇదే మోడల్, ఒక్కళ్ళ పేరు రాసి లాభం లేదు. వారానికి ఒకరైనా ఫోన్ చేసి "మీరు తీస్కున్నారు కదా, మేమూ తీస్కోవచ్చా" అని అడుగుతున్నారు, అందుకే మొత్తం ఒకచోట రాస్తున్నా.

మోడల్ ఇదీ. కంపెనీ రైతుల దగ్గర పది పన్నెండు ఎకరాలు కొంటుంది, చుట్టూ ఫెన్సింగ్ వేసి, మట్టి రోడ్డు తీసి, బోరు వేసి, డ్రిప్ లాగి, శ్రీగంధం మొక్కలు పెట్టి, ముక్కలు చేసి మనకి రిజిస్ట్రేషన్ చేస్తుంది. అయిదేళ్ళు మెయింటెనెన్స్ వాళ్ళదే, ఆ ఖర్చు రేట్లోనే కలిపేస్తారు. పదిహేనేళ్ళ తర్వాత చెట్టుకి లక్ష వస్తుందని బ్రోచర్లో వేశారు, మా ముక్కలో 150 మొక్కలు, అంటే కోటిన్నర. ఆ లెక్క చూసే సంతకం పెట్టాం అని ఒప్పుకోవాలి, ఇద్దరం ఉద్యోగాలు చేస్తాం, పిల్లాడి చదువుకి పనికొస్తుంది అనుకున్నాం.

ముందు బాగున్నది చెప్తా. రిజిస్ట్రేషన్ క్లీన్. అప్పుడు ప్రభుత్వ భూ రికార్డుల పోర్టల్ ధరణి, స్లాట్ బుక్ చేసి తహసీల్దార్ ఆఫీసులో కూర్చుంటే ఆ రోజే మ్యుటేషన్ (రికార్డుల్లో పేరు మార్పు) కూడా అయిపోయింది, తర్వాత నా భార్య పేరు మీద పాస్‌బుక్ వచ్చింది. ఇది చిన్న విషయం కాదండీ. మన రాష్ట్రాల్లో "డబ్బులు కట్టండి, భూమి మీదే" అని చెప్పిన స్కీముల్లో ఎన్ని లక్షల కుటుంబాలు మునిగాయో అగ్రిగోల్డ్ దగ్గర చూశాం. భూమి పేరు చెప్పి దేశమంతా డబ్బులు వసూలు చేసిన పీఏసీఎల్ అయితే ఇంకా పెద్దది, 2014లో సెబీ 49,100 కోట్లు జనానికి వెనక్కి ఇవ్వమంది, ఇవ్వకపోతే 2016లో సుప్రీంకోర్టు మాజీ చీఫ్ జస్టిస్ లోధాతో కమిటీ వేసి భూములు అమ్మించి పంచమంది. ఆ డిపాజిటర్ల చేతిలో ఉన్నవి రసీదులు, సర్టిఫికెట్లు. సర్వే నంబర్‌తో, హద్దులతో, మన పేరుతో పాస్‌బుక్ వస్తుందా రాదా అన్నది మొదటి ప్రశ్న. "కంపెనీలో షేర్ ఇస్తాం", "అవిభాజ్య వాటా (విడి హద్దులు లేని ఉమ్మడి వాటా) ఇస్తాం", "ఇప్పుడు అగ్రిమెంట్, రిజిస్ట్రేషన్ తర్వాత" అంటే నేనైతే అక్కడే లేచి వచ్చేస్తా.

ఇక రేటు. గుంటకి లక్షా ముప్ఫై వేల చొప్పున 26 లక్షలు కట్టాం. ఆర్నెల్ల తర్వాత ఊళ్ళో కిరాణా కొట్టు దగ్గర మాటల్లో తెలిసింది, పక్క పొలం ఎకరం 30కి పోయిందని. అంటే మా అరెకరం మట్టి విలువ 15 లక్షలు, మిగతా 11 లక్షలు ఫెన్సింగ్, రోడ్డు, బోరు, డ్రిప్, మొక్కలు, అయిదేళ్ళ పనికి ఇచ్చాం. నా బాధ ఈ 11 లక్షల దగ్గరే. భూమి కొనుక్కుంటున్నాం అనుకున్నాం గానీ అందులో పెద్ద వాటా ఒక సర్వీసుకి కట్టాం, ఆ సర్వీసు ఎలా ఉంటుందో ఒక్క ప్రశ్న కూడా అడగలేదు.

మొదటి ఏడాది బానే చేశారు. రెండో ఏడాదికి వెంచర్ మొత్తం అమ్ముడుపోయింది, సూపర్‌వైజర్ రావడం తగ్గింది, డ్రిప్ పైపులు ఉడతలు కొరికేస్తే మార్చేవాళ్ళు లేరు, 12 ఎకరాలకి ఒకటే బోరు, 2023 ఎండాకాలం అయ్యేసరికి మా 150 మొక్కల్లో 60 దాకా ఎండిపోయాయి. ఫోన్ చేస్తే రీప్లేస్ చేస్తాం సార్ అంటారు, చెయ్యరు. సొంతంగా సర్వేయర్ని తీసుకెళ్ళి కొలిపిస్తే ఇంకోటి బయటపడింది, మా 20 గుంటల్లో గుంటన్నర లోపలి రోడ్డు కిందే ఉంది.

మొక్కలు నీళ్ళు లేకే చచ్చిపోయాయి అనుకున్నాం. అక్కడ కాపలా ఉండే ఆయన చెప్పాడు అసలు సంగతి. "సార్, గంధం ఒంటిగ బతుకది, పక్కన కంది ఎయ్యాలె" అన్నాడు. తర్వాత చదివితే నిజమే. శ్రీగంధం తన వేళ్ళని పక్క మొక్క వేళ్ళకి తగిలించి అక్కణ్ణించి నీళ్ళూ పోషకాలూ లాక్కుంటుంది, అందుకే చిన్నప్పుడు కంది, తర్వాత కానుగ, సరుగుడు లాంటివి పక్కన ఉండాలి. మా దగ్గర పదడుగులకి ఒకటి గంధం పెట్టారు, మధ్యలో ఖాళీ నేల. గంధం చెట్లే అమ్మే కంపెనీ ఆ చెట్టుకి ఏం కావాలో చూడలేదు, 11 లక్షలు తీసుకుని.

ఆ కోటిన్నర లెక్క గురించి కూడా చెప్పాలి. గంధానికి విలువ చేవకి. బయట తెల్ల చెక్కకి పెద్దగా ఏం రాదు, నూనె ఉండేది లోపలి చేవలో, వేళ్ళలో. పదిహేనేళ్ళకి ప్రతి చెట్టూ ఒకేలా చేవ కట్టదు, కొన్నిట్లో అసలు ఉండకపోవచ్చు. చేవ కట్టింది అని తెలిస్తే దొంగలకీ తెలుస్తుంది. నరకాలంటే అటవీ శాఖ పర్మిషన్ కావాలి. ఇవేవీ బ్రోచర్లో లేవు. గంధం పెట్టొద్దు అనట్లేదు, దాన్ని పెన్షన్ లాగా లెక్కేసుకోవద్దు అంటున్నా.

మా అదృష్టం ఏంటంటే ఆ ప్రాంతం. జహీరాబాద్ పక్కన పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ ఉంది, 1983 నుంచి ఆ ఎర్ర నేలల్లో ఎకరం రెండెకరాలున్న ఆడవాళ్ళు వానకే జొన్న, కొర్ర, సామ, కంది, అనప అన్నీ కలిపి పండిస్తున్నారు, 2019లో వాళ్ళకి ఐక్యరాజ్యసమితి వాళ్ళిచ్చే ఈక్వేటర్ ప్రైజ్ కూడా వచ్చింది. సంక్రాంతి రోజుల్లో పాత పంటల జాతర చేస్తారు, ఒకసారి వెళ్ళాం. ఒక పెద్దమ్మ మా కథ అంతా విని మా ఆవిడతో "నడుమ జాగ ఎందుకు ఇడిశిర్రు బిడ్డా, కంది జల్లుండ్రి" అంది. కాపలా ఆయన చెప్పిందీ అదే. గంధానికి తోడు, మనకి పంట.

దాంతో వెంచర్లో ఆరు కుటుంబాలం కలిశాం. కాపలా ఆయనకీ ఆయన భార్యకీ నెలకి 12 వేలు మేమే ఇస్తున్నాం, తలా రెండు వేలు, పంటలో సగం వాళ్ళది. మా పేరు మీద పడిన రైతుబంధు డబ్బులు కూడా వాళ్ళకే ఇచ్చేశాం, నేల మీద పని చేసేది వాళ్ళు కదా. గంధం మధ్యలో కంది, గట్ల మీద కానుగ, ఎండిపోయిన చోట మామిడి, సీతాఫలం. పోయిన ఏడాది మా వాటాకి 70 కిలోల కందులు వచ్చాయి, పప్పు చేయించి ఇంట్లో వాడుతున్నాం. మిగిలిన గంధం మొక్కలు ఈ రెండేళ్ళలో పెరిగినంత అంతకుముందు పెరగలేదు.

అమ్ముదామంటే? పక్క ప్లాటాయన ఎనిమిది నెలలు తిరిగాడు, 22 లక్షల పైన ఎవరూ అడగలేదు. నాలుగేళ్ళ తర్వాత, మేం కొన్న రేటుకన్నా తక్కువ. అయిదేసి గుంటలు కొన్నవాళ్ళ పరిస్థితి ఇంకా కష్టం, లేఔట్ పర్మిషన్ లేకుండా 20 గుంటల లోపు ముక్కలు రిజిస్ట్రేషన్ చెయ్యొద్దని డీటీసీపీ (రాష్ట్ర టౌన్ ప్లానింగ్ శాఖ) గట్టిగా చెప్పింది. ఫార్మ్ హౌస్ కట్టుకోవచ్చు అన్నది కూడా సేల్స్ వాళ్ళ నోటి మాటే, కాగితం మీద ఎక్కడా లేదు.

భూమికి, కాగితాలకి 5కి 4 ఇస్తా. మెయింటెనెన్స్‌కి 1. రేటుకి 2. తీసుకోవాలనుకునేవాళ్ళు ముందు ధరణి బదులు వచ్చిన భూభారతిలో సర్వే నంబర్ చూడండి, అసైన్డ్ (ప్రభుత్వం పేదలకిచ్చిన, అమ్మకూడని భూమి) కాదని పాత పహాణీలు (పాత భూమి రికార్డులు) తీయించండి, మీ సర్వేయర్‌తోనే కొలిపించండి. తర్వాత అదే కంపెనీ మూడేళ్ళ క్రితం అమ్మేసిన వెంచర్‌కి ఏప్రిల్ నెలలో చెప్పకుండా వెళ్ళండి, కొత్త సైట్‌కి వాళ్ళ కార్లో వద్దు. అక్కడ మొక్కలు చూడండి, కాపలా వాళ్ళతో కూర్చుని టీ తాగండి, జీతం టైమ్‌కి వస్తోందా అని అడగండి.

కంపెనీతో మా అగ్రిమెంట్ 2026 సెప్టెంబర్‌తో అయిపోతుంది. రెన్యూ చెయ్యమని ఇప్పటికే ఫోన్లు వస్తున్నాయి, ఆరుగురం వద్దని చెప్పేశాం. బోరు మోటార్ మా పేరుకి మార్చమని లెటర్ పెట్టాం.