మగబిడ్డ మందు కోసం ఆదోని వైపు పోతున్నారా? ఆగండి

కర్నూలు చుట్టుపక్కల ఉన్నవాళ్లు దయచేసి చదవండి. "రెండో నెల దాటకముందే తింటే మగపిల్లాడే" అని చెప్పి మా దగ్గర ఆరు వేలు తీసుకున్నారు. పేరు రాయను. పద్ధతి చెబుతాను, మీరే గుర్తుపడతారు.

నాకు ఇద్దరు ఆడపిల్లలు. మూడోసారి నెల తప్పగానే మా అత్త ఊరుకోలేదు. నేనూ వద్దని గట్టిగా అనలేదు, అది నా తప్పే. ఆదివారం తెల్లవారుజామునే బస్సెక్కించింది. మేం పోయేసరికే అరుగు మీద పదిహేను మంది ఆడవాళ్లున్నారు. గోడ నిండా మగపిల్లల ఫోటోలు. ఇచ్చింది బెల్లంలో చుట్టిన మూడు నల్లటి ఉండలు. నెలకొకటి. కోడెదూడను ఈనిన ఆవు పాలతో, పరగడుపున, తూర్పు తిరిగి, పళ్లకు తగలకుండా మింగాలట. ఆ రోజంతా ఉప్పు, పులుపు ముట్టకూడదట. "ఆడపిల్ల పుడితే డబ్బు వాపస్ పెద్దమ్మా, ఇంకేం కావాలి?" అన్నాడు ఆ మందిచ్చేవాడు మా అత్తతో.

ఆ వాపస్ మాటలోనే మోసమంతా ఉంది. ఏ మందూ తినకపోయినా కాన్పుల్లో సగానికి మగపిల్లలే పుడతారు. వాళ్లు స్వీట్ డబ్బా, ఫోటో పట్టుకుని వస్తారు. ఆడపిల్ల పుట్టినవాళ్లు పోయి అడిగితే పత్యం తప్పావంటాడు. పళ్లకు తగల్లేదని ఎవరు ప్రమాణం చేయగలరు? చాలామంది సిగ్గుతో అసలు పోనే పోరు.

రెండో ఉండ తిన్నాక వాంతులు, కళ్లు తిరగడం. ఆసుపత్రికి పోతే డాక్టరమ్మ పొట్లం చూసి కోప్పడింది. ఆడో మగో అన్నది తండ్రి బీజంలో ఉన్న ఎక్స్, వై క్రోమోజోముల్ని బట్టి కడుపు పండిన క్షణమే తేలిపోతుందట, తర్వాత ఏం తిన్నా మారదట. హర్యానాలో ఇలాంటి మందుల్ని పరీక్షిస్తే ఆడ హార్మోనులా పనిచేసే పదార్థాలు బయటపడ్డాయని, అవి తిన్నవాళ్లలో బిడ్డ కడుపులోనే చనిపోవడం, లోపాలతో పుట్టడం ఎక్కువగా కనిపించిందని చెప్పింది. ఆ రాత్రి పొట్ట మీద చెయ్యి పెట్టుకుని నిద్రపోలేదు.

నాలుగో నెలలో అతనే ఫోన్ చేశాడు. "మందు పట్టిందో లేదో చూసుకుందాం, స్కానింగ్ మిషన్ కారులోనే వస్తుంది, పద్దెనిమిది వేలు. తేడా వస్తే ఆ పని కూడా మనవాళ్లే చూసుకుంటారు." అప్పుడు అర్థమైంది. ఉండలు గాలం మాత్రమే. ఆడపిల్లను తీసేయించడానికి గిరాకీ పట్టే బేరం అది. దేశంలో ఆరేళ్లలోపు వెయ్యి మంది మగపిల్లలకు 1961లో 976 మంది ఆడపిల్లలుంటే, 2001కి 927కి దిగారు. ఎలా దిగారో ఆ ఫోన్‌లో విన్నాను.

నేను ఫోన్ పెట్టేశాను. మా ఆయన మొదటిసారి నా పక్షాన మాట్లాడాడు.

1994 నాటి లింగ నిర్ధారణ నిషేధ చట్టం ప్రకారం కడుపులో ఆడో మగో చూసి చెప్పడమే కాదు, చెప్తామని ప్రచారం చేసుకోవడం కూడా నేరం. మూడేళ్ల దాకా జైలు. చూపించమని తీసుకుపోయే ఇంటివాళ్లకూ శిక్ష ఉంది. బలవంతాన తీసుకుపోతే ఆ గర్భిణికి కాదు. జిల్లా వైద్య ఆరోగ్య శాఖ ఆఫీసులో ఫిర్యాదు ఇవ్వొచ్చు.

మూడో పాపకు ఇప్పుడు ఐదు నెలలు, బాగుంది. మీ ఇంట్లో ఎవరైనా ఇప్పటికే ఆ ఉండలు తింటుంటే దాచకండి, పొట్లంతో సహా డాక్టరుకు చూపించండి. నా దగ్గర మిగిలిన మూడో ఉండను పారేయలేదు. సోమవారం ఫిర్యాదుతో పాటు ఇచ్చి వస్తాను. మా అత్త కూడా వస్తానంది.