డెక్కుకి కిచిజోజి, బెల్టుకి అకిహబారా: టోక్యోలో పాత క్యాసెట్ డెక్కుల వేట

మళ్లీ క్యాసెట్లు వినాలని మనసు పడినవాళ్లకి కొత్త డెక్కుల్లో ఎంచుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. టియాక్ డబ్ల్యూ-1200 లాంటివి ఇప్పటికీ కొత్తగా దొరుకుతాయి గానీ, టేపు నడకలో ఊగిసలాట దాని స్పెసిఫికేషన్‌లోనే 0.25 శాతం అని ఉంటుంది. 1980లు, 90ల నాటి మంచి మూడు హెడ్‌ల (చెరపడానికి, రికార్డుకి, ప్లేకి వేర్వేరు హెడ్‌లున్న) డెక్కుల్లో అది 0.03 నుంచి 0.05 శాతం. సినిమా పాటల్లో ఈ తేడా అంతగా తెలియకపోవచ్చు. వీణ మీటు సాగుతున్నప్పుడో, పియానో స్వరం నిలిచి ఉన్నప్పుడో ఆ వణుకు వెంటనే చెవిన పడుతుంది. అందుకే పాత డెక్కే కావాలి. సోనీ, అకాయ్, విక్టర్, డెనాన్, ఐవా, నకమిచి అన్నీ పుట్టింది జపాన్‌లో కాబట్టి వెతకడానికి టోక్యోని మించిన ఊరు లేదు. కాకపోతే ఏ పేటలో ఏం దొరుకుతుందో తెలియకుండా వెళ్తే కాళ్ల నొప్పులే మిగులుతాయి.

ఎలక్ట్రానిక్స్ అనగానే అందరూ అకిహబారా దిగుతారు. డెక్కు కొనడానికి మాత్రం అది సరైన చోటు కాదు. పర్యాటకుల తాకిడి వల్ల అక్కడ పాత సామాన్ల ధరలు ఎక్కువ, ఎంపిక తక్కువ. అకిహబారాకి వెళ్లాల్సింది విడిభాగాల కోసం. స్టేషన్‌లో ఎలక్ట్రిక్ టౌన్ వైపు బయటికొస్తే రైలు పట్టాల కిందే రేడియో సెంటర్ ఉంటుంది. మనిషి పక్కకి తిరిగి నడవాల్సినంత సందుల్లో స్విచ్చులు, కెపాసిటర్లు, కనెక్టర్లు అమ్మే చిన్న చిన్న అంగళ్లు. నాలుగడుగుల దూరంలో రేడియో డిపార్ట్‌మెంట్ స్టోర్, ఇంకొంచెం ముందుకెళ్తే సెన్‌గోకు, అకిజుకి దుకాణాలు. డెక్కులకి పనికొచ్చే చదరపు కోత రబ్బరు బెల్టులు సెన్‌గోకులో విడిగా అమ్ముతారు. చాలా అంగళ్లు పదకొండింటికి గానీ తెరవవు, సాయంత్రం పెందలాడే మూసేస్తారు. పొద్దున్నే వెళ్లి లాభం లేదు.

బెల్టు కొలత ముందే రాసుకుని వెళ్లాలి. పాత బెల్టుని రెండు వేళ్ల మధ్య బల్లపరుపుగా మడిచి కొలిస్తే వచ్చేది చుట్టుకొలతలో సగం. దాన్ని రెండింతలు చేసి 3.14తో భాగిస్తే వ్యాసం వస్తుంది. దుకాణాల్లో కొన్ని బెల్టుల మీద వ్యాసం రాస్తారు, కొన్నిటి మీద మడిచిన పొడవు రాస్తారు. ఏది ఏదో అడిగి తెలుసుకోకపోతే సరిగ్గా తప్పుడు సైజే చేతికొస్తుంది. పాత బెల్టు సాగిపోయి ఉంటుంది కాబట్టి కొలిచినదానికంటే ఐదు శాతం చిన్నది తీసుకోవాలి. బెల్టు కరిగి తారులా మారిపోయి ఉంటే పుల్లీల చుట్టూ దారం తిప్పి కొలవడమే మార్గం. టేపుని లాగే కడ్డీని, అంటే కాప్‌స్టన్‌ని తిప్పే బల్లపరుపు బెల్టు సంగతి వేరు. దాని వెడల్పు, మందం రెండూ కుదరాలి. అది ఇక్కడ దొరుకుతుందని నమ్మకం పెట్టుకోవద్దు. మోడల్ నంబరు చెప్పి ఆన్‌లైన్‌లో తెప్పించుకోవడమే మేలు.

డెక్కు కోసం వెళ్లాల్సింది హార్డ్ ఆఫ్ దుకాణాలకి. నీగాతా ప్రాంతంలో మొదలై దేశమంతా పాకిన సెకండ్ హ్యాండ్ దుకాణాల గొలుసు అది. ఊరి నడిబొడ్డుకి దూరమయ్యే కొద్దీ దుకాణం పెద్దదవుతుంది, ధర తగ్గుతుంది. కారు లేనివాళ్లకి అన్నిటికంటే వీలైనది కిచిజోజి. అకిహబారా నుంచి పసుపు చారల సోబు లైను రైలు మారకుండా తీసుకెళ్తుంది. ఒచనోమిజులో నారింజ చారల చువో రైలుకి మారితే ఇంకా త్వరగా చేరొచ్చు. అక్కడి హార్డ్ ఆఫ్‌లో ఆడియో వస్తువులకి ప్రత్యేక విభాగం ఉంది. సరుకు శుభ్రంగా ఉంటుంది, ధర శివారు దుకాణాలకంటే కాస్త ఎక్కువే. తీరిక ఉంటే హచియోజి దాకా వెళ్లండి. కిచిజోజిలో ఒక డెక్కుకి పెట్టే డబ్బుకి అక్కడ డెక్కుతో పాటు క్యాసెట్ల పెట్టె కూడా రావచ్చు. ఒచనోమిజులో ఉన్న ఆడియో యూనియన్‌కి పేరు గొప్పది, సరుకూ నాణ్యమైనదే. కానీ అక్కడ ఆంప్లిఫయర్లు, స్పీకర్లదే రాజ్యం, డెక్కులు తక్కువ. దారిలో ఉంది కాబట్టి తొంగి చూడండి, దానికోసమే ఒక పూట కేటాయించకండి.

హార్డ్ ఆఫ్‌లో ధర చీటీ చదవడం రావాలి. ఫోన్ కెమెరాతో అనువాదం చేసుకోవచ్చు గానీ రెండు మాటలు గుర్తుంటే చాలు. ‘దోసా కకునిన్’ అని ఉంటే నడిపి చూశారని. ‘త్సూదెన్’ ఒక్కటే ఉంటే కరెంటు ఇస్తే లైట్లు వెలిగాయని మాత్రమే, క్యాసెట్ తిరిగిందని కాదు. జంకు అరల్లో, అంటే పాడైనవీ పరీక్షించనివీ ఉంచే చోట పెట్టినవాటికి గ్యారంటీ ఉండదు, వెనక్కి తీసుకోరు. రెండు మూడు వేల యెన్‌లకే అక్కడ మంచి మంచి పేర్లు కనిపిస్తాయి. స్క్రూడ్రైవర్ పట్టడం వచ్చినవాళ్లకే ఆ అరలు. మిగతావాళ్లు ఇంకాస్త పెట్టి నడుస్తున్నది కొనుక్కుంటేనే సుఖం.

ఈ దుకాణాలకి నేను ఓటు వేసేది ధర చూసి కాదు, ప్లగ్గు చూసి. ప్రతి దుకాణంలో ఎక్కడో ఒక మూల కరెంటు ప్లగ్గులున్న బల్ల ఉంటుంది, జంకు డెక్కుని కూడా అక్కడ పెట్టి నడిపి చూసుకోవచ్చు. చేతిలో ఒక చిన్న టార్చి, 6.3 మి.మీ. అడాప్టర్‌తో హెడ్‌ఫోన్, పోయినా బాధ లేని సీ-60 క్యాసెట్ ఒకటి, 3150 హెర్ట్జ్ స్వరం రికార్డు చేసిన మంచి క్యాసెట్ ఒకటి ఉండాలి.

ముందు క్యాసెట్ పెట్టే తలుపు తెరిచి టార్చి వేసి చూడండి. హెడ్ మీద టేపు నడిచే చోట గోరుకి గాడి తగిలితే వదిలేయండి. టేపుని కాప్‌స్టన్‌కి అదిమే రబ్బరు చక్రం, అంటే పించ్ రోలర్ నల్లగా, మసకగా ఉండాలి. అద్దంలా మెరుస్తుంటే గట్టిపడిందని అర్థం. తర్వాత, క్యాసెట్ లేకుండా కూడా తిరిగే డెక్కైతే, ప్లే నొక్కి కుడివైపు కదురుని వేలితో మెల్లగా ఆపి వదలండి. వెంటనే తిరిగి పట్టుకోవాలి. అక్కడ బలం లేకపోతే టేపు చుట్టుకోక లోపల కుప్పపడి నలిగిపోతుంది. కదురుని తిప్పే రబ్బరు చక్రం, అంటే ఐడ్లర్ టైరు గట్టిపడితే వచ్చే జబ్బు ఇది. తర్వాతే పనికిరాని క్యాసెట్ పెట్టి ముందుకీ వెనక్కీ తిప్పండి, ఆ చివర దాకా పోనివ్వండి. రీలు నిండుగా ఉన్నప్పుడు బాగా నడిచి చివర్లో ఈడ్చే డెక్కులు చాలా ఉంటాయి.

అది గట్టెక్కాక 3150 హెర్ట్జ్ క్యాసెట్ పెట్టి ఫోన్‌లో స్పెక్ట్రమ్ యాప్ తెరవండి. ఒక శాతం తేడా అంటే సుమారు 32 హెర్ట్జ్. 3118కీ 3182కీ మధ్య ఉంటే మోటారు వెనక ఉన్న స్క్రూతో సరిచేసుకోవచ్చు. అంకె ఒకచోట నిలవకుండా ఊగుతుంటే అది స్క్రూతో పోయే జబ్బు కాదు, బెల్టో రోలరో పోయిందన్నమాట. మూడు హెడ్‌లున్నదైతే మళ్లీ ఆ పోయినా బాధ లేని క్యాసెట్‌లో రికార్డు పెట్టి, సోర్స్-టేప్ స్విచ్ (వస్తున్న పాటనీ, టేపు మీద పడిన పాటనీ మార్చి వినిపించేది) అటూ ఇటూ మార్చి వినండి. రెండు చెవుల్లోనూ పై స్వరాలు సమానంగా రావాలి. టేపు బుస తగ్గించే డాల్బీ బి, సి రెండూ నొక్కి చూడండి. ఒక పక్క మాత్రమే మూగబోతే స్విచ్చులోని మసి కావచ్చు, పదిసార్లు అటూ ఇటూ నొక్కితే తెలుస్తుంది.

బ్రాండుల విషయంలో నా మొగ్గు సోనీ ఈఎస్ వరస వైపు. 222, 333, 555 అని అంకెలతో వచ్చేవి. వాటిలో ఎక్కువగా కనిపించే లోపం ఒకటే: ప్లే నొక్కగానే టిక్కుమని ఆగిపోవడం, తలుపు నీరసంగా తెరుచుకోవడం. మెకానిజం లోపలి చిన్న బెల్టు జారడం వల్ల వచ్చేది ఇది. ఈ ఒక్క లక్షణంతో జంకు అరకి చేరిన సోనీ దొరికితే అది అదృష్టమే. అకాయ్ జీఎక్స్ డెక్కుల హెడ్‌లు గాజు, ఫెర్రైట్‌తో చేసినవి, ఎన్నేళ్లు వాడినా దాదాపు అరగవు. రబ్బరు మార్చుకుంటే చాలు. నకమిచి డ్రాగన్ 1982లో వచ్చింది, అజిముత్‌ని, అంటే టేపుకి హెడ్ నిలిచే కోణాన్ని తనంతట తానే సరిచూసుకునే అద్భుతమైన యంత్రం. కానీ దాన్ని బాగుచేయగలిగే చేతులు మన దగ్గర బహు తక్కువ, ప్రయాణం చేస్తూ కొనే వస్తువు కాదది. వాక్‌మన్‌లలో డీడీ వరస జోలికి వెళ్తే చెవి దగ్గర పెట్టుకుని నడపండి. టిక్ టిక్ మని లయగా శబ్దం వస్తే మధ్య గేరు పగిలిందని లెక్క.

క్యాసెట్ల కోసం నకమెగురో. అకిహబారా నుంచి హిబియా లైను చివరి స్టేషన్ అదే. అక్కడ 2015లో తెరిచిన వాల్ట్జ్ అనే దుకాణం కేవలం క్యాసెట్ల కోసమే ఉంది. కొత్తవీ పాతవీ, బాగుచేసిన వాక్‌మన్‌లూ అందంగా అమర్చి ఉంటాయి. చూసి తీరాల్సిన చోటు, చవగ్గా కొనే చోటు కాదు. ఖాళీ క్యాసెట్లు కావాలంటే మాక్సెల్ యూఆర్ ఇప్పటికీ కొత్తగా 10, 20, 60, 90 నిమిషాల్లో దొరుకుతోంది. 90 కంటే 60 కొనండి. టేపు మందంగా ఉంటుంది, పాత డెక్కులకి హాయి. క్రోమ్ రకం టీడీకే ఎస్ఏ, మాక్సెల్ ఎక్స్ఎల్-2 పాత సరుకు హార్డ్ ఆఫ్‌లోనే దొరుకుతుంది.

బసకి నా ఎంపిక అసకుసబాషి. అకిహబారాకి ఒకే ఒక్క స్టేషన్ దూరం. కిచిజోజికి వెళ్లే పసుపు రైలు అక్కడే ఆగుతుంది. అన్నిటికంటే ముఖ్యం, అసకుసా లైను మీద నరితా, హనేదా రెండు విమానాశ్రయాలకీ నేరుగా వెళ్లే రైళ్లున్నాయి. డెక్కు పెట్టె మోస్తూ మెట్లు దిగి రైలు మారే బాధ తప్పుతుంది. బిజినెస్ హోటళ్ల గదులు పన్నెండు, పదమూడు చదరపు మీటర్లే. మంచం పక్కన సూట్‌కేసు తెరిస్తే కాలు పెట్టే చోటుండదు, డెక్కు విప్పే ఆలోచన ఉంటే కాస్త పెద్ద గది అడగండి. తోయొకో ఇన్ హోటళ్లలో పొద్దుటి టిఫిన్ ఉచితం, అన్నం, మిసో సూప్ దొరుకుతాయి. శాకాహారులకీ, కుటుంబంతో వెళ్లేవాళ్లకీ నిషికసాయ్ నయం. మనవాళ్లు, అందులో తెలుగువాళ్లు కూడా బాగా స్థిరపడిన పేట, ఇండియన్ సరుకుల కొట్లు, ఇడ్లీ దోసెలు ఉన్నాయి. తొజాయ్ లైనులో కయబాచో దాకా వచ్చి హిబియాకి మారితే అకిహబారా. రోజూ ఆ మార్పు భరించగలిగితే తిండికి లోటుండదు.

పన్ను సంగతి. ఒకే దుకాణంలో ఒకే రోజు పన్ను కాకుండా కనీసం 5,000 యెన్‌లకి కొంటే పది శాతం పన్ను మినహాయింపు వస్తుంది, పాస్‌పోర్టు చేతిలో ఉండాలి. అన్ని శాఖల్లోనూ ఈ సదుపాయం లేదు, తలుపు మీద గుర్తు చూసుకోండి. 2026 నవంబరు 1 నుంచి పద్ధతి మారుతుంది. పన్ను ముందే కట్టి విమానాశ్రయంలో వెనక్కి తీసుకోవాలి.

ప్యాకింగ్‌కి డైసో లాంటి వంద యెన్‌ల దుకాణాల్లో బబుల్ షీటు, టేపు దొరుకుతాయి. అట్టపెట్టెలు యమాతో కొరియర్ కార్యాలయాల్లో అమ్ముతారు. బబుల్ చుట్టేముందు తలుపు తెరుచుకోకుండా మాస్కింగ్ టేపు అతికించండి. ముందువైపు బొత్తాలకి బరువు ఆనకుండా మందపాటి ఫోమ్ పెట్టండి, ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న మూలకి రెండింతలు. పెట్టె బయటి మూడు కొలతలు కలిపి 140 సెం.మీ., బరువు 20 కిలోల లోపు ఉంటే అది యమాతోలో 140 సైజు, చాలా డెక్కులు ఇందులో పడతాయి. హోటల్ కౌంటర్‌లోనే అప్పగించొచ్చు. విమానాశ్రయానికి పంపాలంటే రెండు రోజుల ముందే ఇచ్చేయాలి. తేలిక రెండు హెడ్‌ల డెక్కు నాలుగైదు కిలోలే, చేతి సంచిలో పడుతుంది. క్యాసెట్లని ఎక్స్‌రే ఏమీ చేయదు. అయస్కాంతం పట్టీ ఉన్న పర్సులు, స్పీకర్ల పక్కన మాత్రం పెట్టకండి.

రేడియో కలిసిన క్యాసెట్ ప్లేయర్ మోజు ఉంటే ఒక్కటి తెలిసి కొనండి. జపాన్ పాత సెట్లు చాలావాటిలో ఎఫ్ఎం 76 నుంచి 90 మెగాహెర్ట్జ్ వరకే. హైదరాబాద్ వివిధ భారతి 102.8 అలాంటివాటికి అందదు. మీడియం వేవ్ మాత్రం పనిచేస్తుంది.

ఇక కరెంటు. జపాన్ డెక్కు 100 వోల్టులది. టోక్యోలో 50 హెర్ట్జ్, మనదీ 50, కాబట్టి వేగంతో పేచీ లేదు. వోల్టేజీతోనే. 230ని 100కి దించే రాగి చుట్ల ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. డెక్కు తినేది ఇరవై నుంచి యాభై వాట్లు, 100 వీఏది తీసుకుంటే చల్లగా నడుస్తుంది. ట్రావెల్ కన్వర్టర్ అని అమ్మే అరచేతిలో పట్టే తేలిక డబ్బాలు హెయిర్ డ్రయర్లకి తప్ప వీటికి పనికిరావు. రాగి చుట్ల ట్రాన్స్‌ఫార్మర్లు హైదరాబాద్‌లో కోఠి గుజరాతీ గల్లీలో, చెన్నైలో రిచీ స్ట్రీట్‌లో అడిగితే దొరుకుతాయి. ప్రైమరీ, సెకండరీ చుట్లు విడివిడిగా ఉన్నదే అడగండి. జపాన్ ప్లగ్గుకి రెండు బల్లపరుపు పిన్నులు, అవి మన ఎక్స్‌టెన్షన్ బోర్డుల్లో సులువుగా దూరిపోతాయి. తెలియనివాళ్లెవరో ఒకరోజు గోడకి పెడితే డెక్కు లోపలి ట్రాన్స్‌ఫార్మర్ క్షణంలో మాడిపోతుంది. కొన్న రోజే ప్లగ్గుని ఆ ట్రాన్స్‌ఫార్మర్‌కి కేబుల్ టైతో బిగించి, దాని మీద ‘100 వోల్టులు’ అని చీటీ అతికించేయండి.