రాయదుర్గం వాక్-ఇన్: మేనేజర్‌కు ఐదు స్టార్లు, హెచ్‌ఆర్‌కు ఒకటి

హైదరాబాద్‌లో రాయదుర్గం మెట్రో దిగి నడిచి వెళ్లేంత దూరంలో ఉన్న ఒక బీపీఓ కంపెనీ, అకౌంట్స్ పేయబుల్ (వెండర్ల, అంటే సరుకు అమ్మేవాళ్ల బిల్లులు సరిచూసి చెల్లించే పని) పోస్టులకు శనివారం పెట్టిన వాక్-ఇన్ ఇంటర్వ్యూ సంగతి ఇది. కంపెనీ పేరు రాయడం లేదు. నాది బీకాం, ఇన్‌వాయిస్ ప్రాసెసింగ్‌లో రెండున్నరేళ్ల అనుభవం.

రిపోర్టింగ్ టైమ్ పదింటికి అన్నారు. గేటు దగ్గర రెజ్యూమే, ఆధార్ చూసి, ఒక ఫారం చేతికిచ్చారు. అందులో పేరు తర్వాత గడి ఇంటి అడ్రస్. ‘హయత్‌నగర్’ అని పెద్దక్షరాల్లో రాశాను. ఈ ముక్క గుర్తుంచుకోండి, మళ్లీ పనికొస్తుంది.

మొదట వెర్సంట్ అనే ఇంగ్లిష్ మాట్లాడే టెస్ట్. కంప్యూటర్ చెప్పిన వాక్యం విని తిరిగి చెప్పాలి, చిన్న కథ విని మన మాటల్లో చెప్పాలి. టెస్ట్‌తో పేచీ లేదు. కానీ హాల్లో అందర్నీ పక్కపక్కనే కూర్చోబెట్టి ఒకేసారి మాట్లాడించారు. పక్కవాడి గొంతు నా మైకులో పడుతోంది, నాది వాడి మైకులో. ఖమ్మం నుంచి రాత్రి బస్సెక్కి వచ్చిన ఒకమ్మాయి ఇక్కడే ఆగిపోయింది. బయట మాట్లాడితే నాకన్నా చక్కగా మాట్లాడింది. హెడ్‌సెట్ మార్చమని అడిగితే ‘అన్నీ అంతే మేడమ్’ అన్నారట.

ఆపరేషన్స్ మేనేజర్ రౌండ్ మాత్రం నేను చూసిన ఇంటర్వ్యూల్లో బెస్ట్. ‘మీ గురించి చెప్పండి’ లాంటివేం లేవు. తెల్ల కాగితం నా ముందుకు తోసి, పీఓలో (కొనుగోలు ఆర్డర్) వంద పీసులు, జీఆర్‌ఎన్‌లో (సరుకు అందినట్టు రాసుకునే నోట్) తొంభై, ఇన్‌వాయిస్‌లో (వెండర్ బిల్లు) వంద ఉంటే ఏం చేస్తావన్నారు. హోల్డ్‌లో పెట్టి కొనుగోలు టీమ్‌ని, స్టోర్స్‌ని అడుగుతానన్నాను. ‘వెండర్ రోజూ ఫోన్ చేస్తుంటే?’ అని ఇంకో మెలిక. తర్వాత జీఎస్‌టీ ప్రశ్న: వెండర్ మన రాష్ట్రంలోనే, వరంగల్‌లో ఉంటే సీజీఎస్‌టీ, ఎస్‌జీఎస్‌టీ (కేంద్రం, రాష్ట్రం పన్నులు), అదే వేరే రాష్ట్రంలో, చెన్నైలో ఉంటే ఐజీఎస్‌టీ. ఇది తేలిగ్గానే దాటాను. వెండర్ అకౌంట్‌లో డెబిట్ బ్యాలెన్స్ (వెండరే మనకు బాకీ ఉండటం) ఎందుకొస్తుందంటే అడ్వాన్స్ అన్నాను, ‘ఇంకోటి?’ అని ఆగారు. తట్టకపోతే క్రెడిట్ నోట్ (బిల్లు మొత్తం తగ్గిస్తూ వెండర్ ఇచ్చే పత్రం) సంగతి ఆయనే గీసి చూపించారు. టెన్షన్ మొత్తం పోయింది. ఈయన టీమ్‌లో చేయాలనిపించింది.

ఆ తర్వాత హెచ్‌ఆర్ కోసం సాయంత్రం దాకా కూర్చున్నాం. ఎవరొస్తారో, ఎప్పుడొస్తారో చెప్పేవాళ్లు లేరు. చివరికి పిలిచి, జీతం ఏడాదికి నాలుగు లక్షల ఇరవై వేలు అని గొప్పగా చెప్పారు. బ్రేకప్, అంటే అందులో ఏది ఎంతో అడిగితే ముఖం మారిపోయింది. అందులో 10 శాతం వేరియబుల్ (పనితీరును బట్టి ఇచ్చేది), కంపెనీ కట్టే పీఎఫ్ నెలకు 1,800, గ్రాట్యుటీ కూడా కలిపే చెబుతున్నారు. ఇక మన వాటా పీఎఫ్, 200 ప్రొఫెషనల్ ట్యాక్స్ పోతే చేతికి నెలకు 27 వేలు కూడా రాదు. ఆ మాట చెప్పడానికి అంత ఇబ్బంది దేనికో!

అప్పుడు బయటపడింది అసలు విషయం. షిఫ్ట్ సాయంత్రం ఆరున్నర నుంచి తెల్లవారుజామున మూడున్నర. క్యాబ్ 25 కిలోమీటర్ల వరకే. నన్ను హయత్‌నగర్ దాకా కాకుండా దిల్‌సుఖ్‌నగర్‌లోనే దింపుతారట, అక్కడి నుంచి నా తిప్పలు నావి. ఆ వేళకు మెట్రో కూడా ఉండదు. పొద్దున ఫారంలో అడ్రస్ చూసిన మనిషే ఈ మాట చెప్పి ఉంటే నాలాంటివాళ్లు పది మంది అప్పుడే నిర్ణయం తీసుకునేవాళ్లు. యాడ్‌లో ‘రొటేషనల్ షిఫ్ట్స్’ అని మాత్రమే ఉంది.

అయినా ఆలోచిస్తానన్నాను, మేనేజర్ కోసం. మూడు నెలల పేస్లిప్పులు పంపమన్నారు, పంపాను. మెయిల్ రాలేదు, ఫోన్ ఎత్తరు, పోర్టల్‌లో ‘ఇన్ ప్రాసెస్’ అనే ఉంది. రిజెక్ట్ అయితే ఆరు నెలలు మళ్లీ అప్లై చేయకూడదని రూలు పెట్టారు. రిజెక్టో కాదో చెప్పకపోతే ఆ ఆరు నెలలు ఎప్పటి నుంచి లెక్కేసుకోవాలి?

గచ్చిబౌలి, కొండాపూర్ వైపు ఉండేవాళ్లు, రాత్రి షిఫ్ట్ ఫర్వాలేదనుకునేవాళ్లు తప్పకుండా వెళ్లండి. మిగతావాళ్లు క్యాబ్ హద్దు గేటు దగ్గరే అడగండి. టిఫిన్ బాక్స్ తీసుకెళ్లండి, క్యాండిడేట్లను క్యాంటీన్‌లోకి రానివ్వరు.