డ్రయ్యర్ సక్షన్ రోల్ అని చెప్పి ప్రెస్ రోల్ అంటగడుతున్నారు: తిరుపతి, చిత్తూరు వైపు మిల్లులవాళ్ళు జాగ్రత్త

రేణిగుంట, శ్రీకాళహస్తి, చిత్తూరు వైపు క్రాఫ్ట్ పేపర్ మిల్లుల్లో పర్చేజ్ గానీ మెయింటెనెన్స్ గానీ చూసేవాళ్ళు ఇది ఓపిగ్గా చదవండి. తమిళనాడులో పాత యంత్రాలు అమ్మే డీలర్ ఒకాయన మన వైపు మిల్లులకు ఫోన్లు చేస్తున్నాడు. మూతపడిన మిల్లు నుంచి తెచ్చిన డ్రయ్యర్ సక్షన్ రోల్స్ ఉన్నాయి, రీకండిషన్ చేసి ఇస్తాం, కొత్తదాని ధరలో మూడో వంతుకే వస్తుంది అంటాడు. మేము తీసుకున్నాం. వచ్చింది కాగితం ఆరబెట్టే చోట తిరిగే డ్రయ్యర్ రోల్ కాదు, తడి కాగితం నుంచి నీళ్ళు పిండే ప్రెస్ దగ్గర తిరిగే రోల్. వ్యవహారం నోటీసుల దాకా వచ్చింది కాబట్టి పేరు రాయడం లేదు. పేరు లేకపోయినా సరుకును గుర్తుపట్టడానికి కావలసినవన్నీ రాస్తున్నాను.

మాది చిత్తుకాగితం నుంచి తీసే క్రాఫ్ట్, అట్టపెట్టెలు చేసేవాళ్ళకు వెళ్తుంది. చిత్తూరు మామిడి సీజన్ దగ్గరపడితే పెట్టెలకు గిరాకీ, మాకు స్పీడు పెంచమని టెన్షన్. నిమిషానికి 400 మీటర్ల దగ్గరికి వెళ్ళేసరికి మొదటి డ్రయ్యర్ గ్రూపులో (ఆవిరితో కాగితం ఆరబెట్టే సిలిండర్ల మొదటి గుంపు) కాగితం రెపరెపలాడుతుంది, అంచు మడతపడుతుంది, తెగుతుంది. ఈ బాధ తెలిసినవాడే ఆ డీలర్. "సార్, సక్షన్ రోల్ వేయండి, బ్రేకులు (కాగితం తెగడం) అక్కడితో ఆఖరు" అనే మాటతోనే మొదలుపెడతాడు.

ఆ మాటలో కొంత నిజం ఉంది, అందుకే నమ్ముతారు. ఒకే స్క్రీన్‌తో (కాగితాన్ని మోసే రంధ్రాల బట్ట) నడిచే గ్రూపులో పై వరస సిలిండర్ల మీద కాగితం సిలిండర్‌కూ స్క్రీన్‌కూ మధ్య నొక్కుకుని ఉంటుంది. కింది రోల్ దగ్గరికి వచ్చేసరికి తిరగబడుతుంది: స్క్రీన్ రోల్‌ను ఆనుకుని, కాగితం బయటివైపు. అక్కడ దాన్ని పట్టుకునేది ఏమీ లేదు. పైగా స్క్రీనూ రోలూ తమ ఒంటి మీద గాలిని మోసుకొస్తాయి. రెండూ కలిసే మూలలో ఆ గాలికి దారి లేక స్క్రీన్ రంధ్రాల గుండా బయటికి తన్నుకొస్తూ కాగితాన్ని లేపేస్తుంది. ఆ గాలిని లోపలికి లాగేసి, కాగితాన్ని స్క్రీన్‌కు అంటిపెట్టడమే డ్రయ్యర్ సక్షన్ రోల్ పని. నీళ్ళు పిండడం దాని పని కాదు. మా గొడవంతా ఈ తేడా దగ్గరే.

ఎంత వాక్యూమ్ కావాలో కాగితం మీద లెక్క వేసి చూడండి. 120 జీఎస్ఎం (చదరపు మీటరుకు 120 గ్రాములు) కాగితం మొదటి గ్రూపులో తడితో కలిపి చదరపు మీటరుకు దాదాపు 260 గ్రాములు ఉంటుంది. 400 మీటర్ల స్పీడులో, 600 మి.మీ. వ్యాసం ఉన్న రోల్ చుట్టూ తిరిగేటప్పుడు దాన్ని బయటికి విసిరే బలం చదరపు మీటరుకు 40 న్యూటన్ల లోపే. అంటే 4 మి.మీ. నీటిమట్టం (అంత ఎత్తు నీటిని లేపగల లాగుడు) వాక్యూమ్ చాలు. మూలలో గాలి తోపుడు, లీకేజీలు, స్క్రీన్ మురికి అన్నీ కలుపుకున్నా పదుల నుంచి ఒకటి రెండు వందల మిల్లీమీటర్ల నీటిమట్టంతో పని జరిగిపోతుంది. ఒక మంచి ఫ్యాన్ ఇస్తుంది ఇది. అదే ప్రెస్ సక్షన్ రోల్, కౌచ్ రోల్ (ప్రెస్ కన్నా ముందే జల్లెడ చివర నీళ్ళు లాగే రోల్) అయితే 5,000, 6,000 మి.మీ. నీటిమట్టం దాకా లాగుతాయి, వాటికి వాటర్ రింగ్ పంపులు కావాలి. పేరు రెండింటికీ సక్షన్ రోలే. పని వేరు, లోపలి అమరిక వేరు.

మా ఆర్డర్‌లో "డ్రయ్యర్ సెక్షన్ మొదటి గ్రూపు, కింది వరస, హుడ్ లోపల" అని స్పష్టంగా రాసి ఉంది. స్పీడు, డెకిల్ (కాగితం వెడల్పు), హుడ్ (డ్రయ్యర్లను కప్పే గది) ఉష్ణోగ్రత కూడా ఇచ్చాం. రోల్ వచ్చింది. మెరిసిపోయే రంగు, కొత్త బేరింగ్ హౌసింగులు, ప్లాస్టిక్ చుట్టు. లోపలి సక్షన్ బాక్స్ (గాలి లాగే పెట్టె) సీల్ చేసి ఉంది, విప్పితే వారంటీ పోతుందని స్టిక్కర్ వేశాడు. రోల్ తల మీద ఒక పైపు కనెక్షన్‌ను వెల్డింగ్‌తో మూసిన గుర్తు చూసి మా ఫోర్‌మన్ "అన్నా, ఇది డ్రయ్యర్ల కింద తిరిగిన రోల్ కాదన్నా, ప్రెస్ కాడిది" అన్నాడు. డీలర్‌ను అడిగితే అది క్లీనింగ్ కనెక్షన్ అన్నాడు, అదే మాట మెయిల్‌లో కూడా రాసి పంపాడు. తర్వాత ఆ మెయిలే మాకు పనికొచ్చింది.

షట్‌డౌన్‌లో బిగించాం. మిషన్ వేడెక్కి పూర్తి స్పీడుకు వచ్చిన కాసేపటికే హుడ్ దగ్గర రబ్బరు కాలిన వాసన. ఆ తర్వాత రీల్ మీద నల్లటి చారలు. క్రాఫ్ట్ గోధుమరంగు కాగితం కాబట్టి మొదట ఎవరూ పట్టించుకోలేదు, చేత్తో రాస్తే మసి అంటుకుంది. స్క్రీన్ డ్రైవ్ మోటార్ ఆంపియర్లు పెరుగుతూ పోయాయి. టెండర్ సైడ్ (ఆపరేటర్ నిలబడే వైపు) బేరింగ్ ముట్టుకోలేనంత వేడి, గ్రీజు కారిపోతోంది. మిషన్ ఆపి రోల్ విప్పి చూస్తే మొత్తం కథ తెలిసింది.

లోపల ఉన్నది ప్రెస్ రోల్ సక్షన్ బాక్స్. దానికి రెండు పక్కలా గ్రాఫైట్ కలిపిన రబ్బరు సీల్ పట్టీలు ఉంటాయి, కింద గాలి ట్యూబులు వాటిని తిరిగే షెల్‌కు (రోల్ పైన ఉండే రంధ్రాల గొట్టం) నొక్కిపెడతాయి. వెట్ ఎండ్‌లో (కాగితం ఇంకా తడిగా ఉండే ముందు భాగం) ఈ పట్టీల మీద షవర్ నీళ్ళు పడుతూ ఉంటాయి, ఆ నీళ్ళే వాటికి లూబ్రికేషన్. డ్రయ్యర్‌లో ఆ నీళ్ళు పెట్టలేం, పెడితే ఆరాల్సిన కాగితం మీదే తడి చారలు పడతాయి. నీళ్ళు లేకుండా ఆ వేడిలో తిరిగితే పట్టీలు కాలి, పొడై, షెల్ రంధ్రాల గుండా స్క్రీన్ మీదికి వస్తాయి. వాసనా, మసీ, ఆంపియర్లూ అన్నిటికీ అదే కారణం. గాలి ట్యూబులు గట్టిపడి పగుళ్ళు తేలాయి. తల మీద వెల్డింగ్‌తో మూసింది క్లీనింగ్ కనెక్షన్ కాదు, ఆ షవర్ పైపే.

బేరింగ్ సంగతి వేరే తప్పు. రోల్ వేడెక్కితే పొడుగు పెరుగుతుంది. మూడున్నర మీటర్ల ఉక్కు రోల్ 60 డిగ్రీలు వేడెక్కితే సుమారు రెండున్నర మి.మీ. సాగుతుంది, కంచు షెల్ అయితే దాదాపు నాలుగు. అందుకే డ్రైవ్ సైడ్ బేరింగ్‌ను కదలకుండా బిగించి, టెండర్ సైడ్‌ను జరగనిస్తారు. బేరింగ్ లోపలి క్లియరెన్స్ (ఖాళీ) కూడా సీ3, సీ4 లాంటి ఎక్కువది తీసుకుంటారు. వీళ్ళు రెండు వైపులా లాక్ చేసి మామూలు క్లియరెన్స్ బేరింగులు వేశారు. రంగు వేసినవాడికి ఆ రోల్ ఎక్కడ తిరగబోతోందో పట్టలేదు.

డ్రయ్యర్ కోసం చేసిన రోల్‌ను గుర్తుపట్టడం పెద్ద కష్టం కాదు. షెల్ మీద చుట్టూ గాళ్ళు (సన్నని కాలువల్లాంటివి) తీసి ఉంటాయి, చిన్న రంధ్రాలు ఆ గాళ్ళ అడుగున ఉంటాయి. గాలి గాళ్ళ వెంట చుట్టూ పాకుతుంది కాబట్టి రంధ్రాలు తక్కువే సరిపోతాయి. వాల్‌మెట్ కంపెనీ వాళ్ళ వాక్‌రోల్ లాంటివాటిలో లోపల సక్షన్ బాక్సే ఉండదు, బోలు జర్నల్ (రోల్ చివరి ఇరుసు) గుండా షెల్ మొత్తానికీ వాక్యూమ్ ఇస్తారు. అరిగిపోయే సీల్ పట్టీల బాధ అక్కడ లేదు. ప్రెస్ నుంచి, కౌచ్ నుంచి వచ్చిన షెల్ చాలావరకు చదునుగా ఉండి, దగ్గర దగ్గరగా రంధ్రాలు పొడిచి ఉంటుంది, వాటి నోళ్ళు కాస్త వెడల్పు చేసి ఉంటాయి. ఇలాంటి షెల్‌ను సీల్ పట్టీలు లేకుండా డ్రయ్యర్‌లో పెడితే, కాగితం కప్పని వైపు నుంచి గాలి వరదలా లోపలికి వస్తుంది, మీ ఫ్యాన్ ఎంత తిరిగినా వాక్యూమ్ నిలబడదు. టార్చ్ వేసి రంధ్రాల్లోకి చూడండి. ఆరి గట్టిపడిన పీచు, నీళ్ళు వదిలిన తెల్లటి పొర కనిపిస్తే అది వెట్ ఎండ్‌లో బతికిన రోల్. బర్రెను కొనేటప్పుడు నోరు తెరిచి పళ్ళు చూడమంటాం కదా, ఇక్కడ చూడాల్సింది ఆ రంధ్రాలనే.

రంగు కింద ఏముందో కూడా అడగండి. సక్షన్ షెల్‌కు ఉండే పెద్ద జబ్బు రంధ్రానికీ రంధ్రానికీ మధ్య పాకే పగులు. వెట్ ఎండ్ నీళ్ళలో ఏళ్ళ తరబడి తుప్పు, ప్రతి చుట్టుకూ వంపు, రెండూ కలిసి ఆ పగులును పెంచుతాయి. రంగు వేస్తే కంటికి కనపడదు. రంగు తీసి, ఎర్ర డై పూసి, తెల్ల డెవలపర్ కొట్టే పరీక్ష మీ ముందే చేయించండి. ఖర్చు వేలల్లో. షెల్ హుడ్ లోపల విరిగితే స్క్రీన్ పోతుంది, సిలిండర్ ముఖం పోతుంది, అక్కడ టెయిల్ (కాగితం మొదటి సన్న పట్టీ) ఎక్కించే పిల్లవాడు ఉంటే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు. మా రోల్‌కు ఆ పరీక్ష మేము విప్పిన తర్వాత చేయిస్తే డ్రైవ్ సైడ్ అంచు దగ్గర ఎర్ర గీతలు తేలాయి.

బాలెన్సింగ్ సర్టిఫికెట్ ఉంది కదా అని ఊరుకోకండి. మాకు జీ 2.5 గ్రేడ్ (బాలెన్స్ ఎంత కచ్చితమో చెప్పే కొలత) అని చక్కగా అచ్చువేసిన కాగితం ఇచ్చాడు. అందులోని రోల్ నంబరూ తల మీద పంచ్ చేసిన నంబరూ వేరు. ఏ స్పీడులో బాలెన్స్ చేశారో రాయనే లేదు. నంబరు కలవని సర్టిఫికెట్ చిత్తుకాగితం కింద మా పల్పర్‌లో వేయడానికి తప్ప దేనికీ పనికిరాదు.

ఇంకో మాట, ఇది డీలర్లు చెప్పరు. మీ మిషన్ 250, 300 మీటర్లలో నడుస్తుంటే ముందు అసలు సక్షన్ రోల్ అవసరమా అని చూడండి. ఆ స్పీడుల్లో గాళ్ళు తీసిన మామూలు కింది రోల్, మూలలో ఒక బ్లోబాక్స్ (గాలి ఊది ఆ మూలలో గాలిని తప్పించే పెట్టె), శుభ్రమైన స్క్రీన్ చాలాచోట్ల పని కానిస్తాయి. మొదటి సిలిండర్లకు ఆవిరి ఎక్కువిచ్చి కాగితాన్ని ముఖానికి అతికించుకుంటూ, ఆ బ్రేకులను సక్షన్ లేకపోవడం మీదకు తోసేవాళ్ళు కూడా ఉన్నారు. ముందు రెండు మూడు సిలిండర్ల వేడి తగ్గించి, డాక్టర్ బ్లేడ్లు (సిలిండర్ ముఖాన్ని గీకి శుభ్రంచేసేవి) సరిచేసి చూసిన తర్వాతే రోల్ గురించి ఆలోచించండి.

ఇక డబ్బు సంగతి. పావు వంతు బాలెన్స్ ఆపాం. వెంటనే డీలర్ ఎత్తుకున్న మాట: "నాకు ఉద్యమ్ (చిన్న పరిశ్రమల) రిజిస్ట్రేషన్ ఉంది సార్, 45 రోజుల్లో ఇవ్వకపోతే కౌన్సిల్‌కు (చిన్న పరిశ్రమల బాకీలు తేల్చేది) వెళ్తా, మూడింతల వడ్డీ కట్టాలి." దీనికి చాలామంది భయపడి కట్టేస్తున్నారని విన్నాను. 2006 నాటి ఎంఎస్ఎంఈడీ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల) చట్టంలో 45 రోజుల గడువు, బ్యాంక్ రేటుకు మూడు రెట్ల చక్రవడ్డీ ఉన్న మాట నిజమే. కానీ అదే చట్టంలో, సరుకు అందిన 15 రోజుల్లోపు మీరు రాతపూర్వకంగా అభ్యంతరం చెబితే, ఆ లోపాన్ని సరఫరాదారు సరిచేసిన రోజునే సరుకు అంగీకరించిన రోజుగా లెక్కిస్తారు అని కూడా ఉంది. ఫోన్లో తిట్టడం అభ్యంతరం కాదు. మేము మెయిల్, రిజిస్టర్డ్ పోస్ట్ రెండూ పంపాం, కాలిన పట్టీల ఫోటోలు జతచేశాం. ఇంకొకటి, కేవలం కొని అమ్మే వ్యాపారులను 2021లో ఉద్యమ్‌లోకి తీసుకున్నది ప్రాధాన్య రంగ రుణాల కోసం మాత్రమే, ఈ వడ్డీ కోసం కాదు. అతను రీకండిషనింగ్ నిజంగా చేసే వర్క్‌షాపా, మధ్యలో చేతులు మార్చేవాడా అన్నది వకీలు అడగాల్సిన ప్రశ్న.

వినియోగదారుల కమిషన్ దారి మనకు దాదాపు లేనట్టే, మిల్లు కొనుగోలు వ్యాపార అవసరం కిందికి వస్తుంది. మనకు ఆధారం 1930 నాటి సరుకుల విక్రయ చట్టం. సరుకు వర్ణనకు సరిపోవాలి, కొనేవాడు అవసరం చెప్పి అమ్మేవాడి నైపుణ్యం మీద ఆధారపడితే ఆ అవసరానికి పనికిరావాలి. అందుకే ఆర్డర్‌లో "సక్షన్ రోల్ – 1" అని ఒక్క ముక్క రాసి వదిలేయకండి. ఏ గ్రూపు, ఏ వరస, హుడ్ ఉష్ణోగ్రత ఎంత, స్పీడు ఎంత, నీళ్ళ లూబ్రికేషన్ లేదు అన్న మాట, అన్నీ రాయండి. సీల్ విప్పి చూసే హక్కు మాదే అనే లైను కూడా చేర్చండి, స్టిక్కర్ వారంటీ నాటకం అక్కడితో తెగుతుంది. పాత మిల్లులో ఆ రోల్ ఏ స్థానంలో తిరిగిందో, విప్పకముందు తీసిన ఫోటో అడగండి. నిజంగా డ్రయ్యర్ నుంచి తీసినవాడి దగ్గర ఆ ఫోటో ఉంటుంది.

మొన్న డీలర్ మధ్యవర్తి ద్వారా రాజీకి వచ్చాడు. సగం డబ్బు ఇస్తా, రోల్ వెనక్కి పంపండి అంటున్నాడు. మా ఓనర్ ఇంకా తేల్చలేదు. వెనక్కి వెళ్తే అది మళ్ళీ రంగు వేసుకుని మీలో ఎవరి గేటు ముందుకో వస్తుందని నా అనుమానం, కాబట్టి గుర్తులు రాసుకోండి. చదును షెల్, గాళ్ళు లేవు. డ్రైవ్ సైడ్ తల మీద పాత నంబరు గ్రైండర్‌తో చెరిపి పక్కన కొత్తది పంచ్ చేశారు, వేలితో తడిమితే పల్లం తెలుస్తుంది. షవర్ కనెక్షన్ మూసిన వెల్డింగ్ టెండర్ సైడ్ జర్నల్ పక్కన, రూపాయి బిళ్ళంత. డ్రైవ్ సైడ్ అంచు నుంచి జానెడు లోపల, నాలుగైదు రంధ్రాల మధ్య పగుళ్ళు. మా డై పరీక్ష ఫోటోలు, ఉత్తరాల కాపీలు ఎవరికైనా కావాలంటే మిల్లుకు వచ్చి చూడొచ్చు.