రేనాటి పాటల్లోని ఇద్దరు మనుషుల ఊరికి

మా నాన్నగారు జమ్మలమడుగు పక్క పల్లెలో పుట్టి పెరిగారు. చిన్నతనంలో కోలాటాల్లోనూ చెక్కభజనల్లోనూ విన్న, కంపెనీ పాలన మీద తిరగబడి ఉరికంబమెక్కిన ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పాటను ఇప్పటికీ స్నానం చేస్తూ పాడుకుంటారు. ఆ పాటలోని మనిషి పుట్టిన రేనాటి నేలను, అంటే కోయిలకుంట్ల చుట్టుపక్కల సీమను, నాన్నగారికి డెబ్బయి నాలుగో ఏట చూపించాలనే కోరికతో ఈ ఫిబ్రవరిలో మూడు రోజుల ప్రయాణం పెట్టుకున్నాము. వయసు మళ్లినవారిని వెంట తీసుకువెళ్లాలనుకునే వారికి పనికివస్తుందనే ఉద్దేశంతో బస, భోజనం, దారుల సంగతి కూడా వివరంగా రాస్తున్నాను.

హైదరాబాదు నుంచి కర్నూలు మీదుగా నంద్యాల దాదాపు 290 కిలోమీటర్లు. కారులో ఆరు గంటలు పట్టింది. దారిలో ఓర్వకల్లు దగ్గర విమానాశ్రయం వస్తుంది. 2021 మార్చిలో ప్రారంభమైన ఈ విమానాశ్రయానికి ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేరు పెట్టారు. ఆ బోర్డు కనిపించగానే నాన్నగారు కారు ఆపించి, కిందికి దిగి, చదివి, మళ్లీ వచ్చి కూర్చున్నారు. రైలు ఇష్టపడేవారికి నంద్యాల నుంచి ఎర్రగుంట్లకు 2016లో పూర్తయిన లైను ఉంది. దాని మీద కోయిలకుంట్ల, నొస్సం స్టేషన్లు రెండూ ఉన్నాయి. అయితే రోజులో నడిచే బళ్లు తక్కువ కనుక, ఆ వేళలకు కట్టుబడి నాలుగు ఊళ్లు తిరగడం కష్టం. రోజంతా కారు మాట్లాడుకోవడమే మేలు.

మొదటి రాత్రి నంద్యాలలో బస్టాండుకు దగ్గరగా ఉన్న ఒక హోటల్లో 1,800 రూపాయలకు ఏసీ గది తీసుకున్నాము. లిఫ్టు, వేడినీళ్లు, శుభ్రమైన దుప్పట్లు ఉన్నాయి, ఏ లోటూ కలగలేదు. ఉదయం బయట ఒక చిన్న హోటల్లో తిన్న ఉగ్గాని, మిరపకాయ బజ్జి ఈ ప్రయాణంలోకెల్లా రుచికరమైన ఫలహారం. రెండో రాత్రి కథా స్థలానికి దగ్గరగా ఉండాలనే ఆశతో కోయిలకుంట్లలో ఒక లాడ్జికి మారాము, అది మా పొరపాటు. గది రెండో అంతస్తులో ఉంది, లిఫ్టు లేదు, తెల్లవారేసరికి కుళాయిలో నీళ్లు నిలిచిపోయాయి. అడిగితే బకెట్టుతో తెచ్చి ఇచ్చిన కుర్రవాడి మంచితనాన్ని మాత్రం మరచిపోలేము. పెద్దవారు వెంట ఉంటే నంద్యాలలోనే మకాం పెట్టి, పొద్దున్నే బయలుదేరి రాత్రికి తిరిగి చేరుకోవాలని గట్టిగా చెబుతాను.

కోయిలకుంట్ల చూడవలసిన ఊరే. 1800లో నిజాం ఈ సీమను ఈస్టిండియా కంపెనీకి దత్తం చేసిన తరువాత, ఇక్కడి స్థానిక పాలకులైన పాలెగాళ్ల అధికారం పోయి, వారి కుటుంబాలకు తవర్జీ అనే భరణం మిగిలింది. నరసింహారెడ్డి వంతుకు నెలకు 11 రూపాయల 10 అణాల 8 పైసలు వచ్చేదని చెబుతారు. నొస్సం పాలెగాడైన ఆయన మాతామహుడు జయరామిరెడ్డి మగ సంతానం లేకుండా పోవడంతో ఆ వైపు రావలసింది కూడా ఆగిపోయింది. తవర్జీ కోసం నరసింహారెడ్డి పంపిన మనిషిని తాసిల్దారు అవమానించడంతో తిరుగుబాటు మొదలైందని ఈ ప్రాంతమంతా చెప్పుకుంటారు. 1846లో ఆయన తన వారితో కోయిలకుంట్ల ఖజానా మీద పడ్డాడు. 1847 ఫిబ్రవరి 22న ఉదయం, జుర్రేరు ఒడ్డున, రెండు వేలకు పైగా జనం చూస్తుండగా ఆయనను ఉరి తీశారు. తలను 1877 దాకా కోట మీద వేలాడదీసి ఉంచారట. అంటే ముప్పయి ఏళ్లు. తండ్రి వేలు పట్టుకుని ఆ తలను చూసిన పిల్లవాడు, తన పిల్లవాడికి వేలు అందించే వయసు వచ్చేదాకా అది అక్కడే ఉందన్నమాట. పాట ఇంత గట్టిగా నిలబడటానికి అదే కారణమని నాకు అక్కడ నిలబడినప్పుడు తోచింది. మేము వెళ్లినప్పుడు జుర్రేరులో నీళ్లు లేవు. ఇసుక, ముళ్లకంప, దూరంగా మేకలు మాత్రమే ఉన్నాయి. దారి అడిగిన ప్రతి ఒక్కరూ, పదేళ్ల పిల్లలతో సహా, చేయి చాచి చూపించగలిగారు. బోర్డుల మీద ఆధారపడితే మాత్రం తిరిగి తిరిగి అలసిపోతారు.

నొస్సం కోటకు అరపూట చాలు. శిథిలమైన గోడలు, పెరిగిన కంప తప్ప లోపల నడవడానికి వీలు లేదు. నాన్నగారు కారులోనే కూర్చున్నారు, నేను చుట్టూ ఒకసారి తిరిగి వచ్చాను. మోకాళ్ల నొప్పులున్నవారు దీన్ని వదిలివేసినా నష్టం లేదు.

కోయిలకుంట్ల నుంచి ఉయ్యాలవాడకు నల్లరేగడి చేల మధ్యగా దారి. కొన్ని పొలాల్లో పప్పుశనగ కోతలు సాగుతున్నాయి. ఇంటి అరుగులకూ ప్రహరీలకూ నాపరాళ్లే. ఈ ఒక్క ఊరు పాటల్లోకి ఇద్దరు మనుషులను ఇచ్చింది. నరసింహారెడ్డిని ఉరి తీసిన 19 ఏళ్లకు, 1866లో, డొక్కల కరువు వచ్చింది. అప్పుడు ఇదే ఊరికి చెందిన బుడ్డా వెంగళరెడ్డి తన ఆస్తిని కరిగించి, ఎక్కడెక్కడి నుంచో నడిచివచ్చిన వేలమందికి అన్నం పెట్టాడు. ఆ సంగతి తెలిసి విక్టోరియా రాణి బంగారు పతకం పంపింది. కత్తి పట్టినవాడికి పాట కట్టిన జనమే గంజి పోసినవాడికీ కట్టారు. ఆచార్య తంగిరాల వెంకట సుబ్బారావు గారు ఈ గాథలను సేకరించి భద్రపరచడం తెలుగువారికి చేసిన పెద్ద ఉపకారం. నరసింహారెడ్డి మీద 'సైరా' సినిమా వచ్చిన తరువాత మొదటివాడి కోసం బయటివాళ్లు వస్తున్నారు. రెండోవాడి కోసం ఎవరైనా వచ్చారా అని అడిగితే, రచ్చబండ మీద కూర్చున్న పెద్దలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. నాకు బాధ కలిగింది.

ఆ రచ్చబండ దగ్గరే మాకు అసలైన యాత్ర దక్కింది. "యా ఊరు నాయనా మీది?" అని అడిగిన ఒక పెద్దాయన, నాన్నగారి యాస విని, ఇంట్లోనుంచి చెక్కలు తెప్పించారు. అరచేతి పొడవున్న కర్ర చెక్కలు, వాటి నడుమ సన్నని ఇత్తడి బిళ్లలు. పట్టుకునే చోట కర్ర చేతి చెమటకు నల్లబడి నున్నగా ఉంది. ఆయన ఒక చరణం ఎత్తుకుంటే మరో ముగ్గురు "సైరా" అని అందుకున్నారు. ఆ కేక మొదట తక్కువ స్థాయిలో మొదలై, ఖజానా ఘట్టానికి వచ్చేసరికి వీధి చివరి ఇంట్లోవాళ్లు బయటికి వచ్చేంతగా పెరిగింది. ఉరి ఘట్టంలో ఆయన చెక్కలు ఒడిలో పెట్టుకుని ఒట్టి గొంతుతో పాడారు. తరువాత మేము అడగకుండానే వెంగళరెడ్డి పాట ఎత్తుకున్నారు. అది నెమ్మదైన నడక, అన్నం వడ్డించే తీరుగా ఉంటుంది.

పాడినందుకు డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు. గుడి హుండీలో వేయమన్నారు, వేశాము. అందువల్ల ఇక్కడికి వెళ్లేవారు గంటా రెండు గంటలు ఖాళీగా ఉంచుకుని, పొలం పనులు ముగిసే సాయంత్రం వేళకు చేరుకోవాలి. మధ్యాహ్నం వెళితే మూసిన తలుపులే కనిపిస్తాయి. ఊళ్లో భోజనశాలలు మాకు కనబడలేదు. ఆళ్లగడ్డలో తినిరావడమో, కట్టుకుని తెచ్చుకోవడమో చేయాలి.

మూడో రాత్రికి దిగువ అహోబిలం చేరి, పర్యాటక శాఖ వారి హోటల్లో దిగాము. కింది అంతస్తులో గది అడిగితే వెంటనే ఇచ్చారు. భోజనం సాదాగా, వేడిగా ఉంది. రేనాటిలో ఇంటికొక నరసింహుడు ఉండటానికి కారణమైన స్వామి దర్శనం చేసుకున్నాము గాని, కొండ ఎక్కే ప్రయత్నం చేయలేదు.

ఉయ్యాలవాడలో పాట మధ్యలో నాన్నగారు ఒక చరణం తమ పల్లెలో పాడినట్టుగా అందుకుంటే, ఆ పెద్దాయన ఆగి శ్రద్ధగా విని, "మీ పక్క అట్ల పాడతారు నాయనా, మా ఊర్లో ఇట్ల" అంటూ తమ పాఠం పాడి వినిపించారు. తిరుగు ప్రయాణంలో నంద్యాల దాటిన తరువాత నాన్నగారు నా దగ్గర కలం అడిగి తీసుకుని, హోటల్ రసీదు వెనకవైపు ఆ చరణాన్ని రెండు విధాలుగానూ పక్కపక్కన రాసుకున్నారు.