హై వోల్టేజ్‌కి కాలిపోయిన సామాను: డిస్కమ్ పరిహారం ఇచ్చే తీరుపై నా రివ్యూ

కరెంటు పోతే వచ్చి బాగుచేసే విషయంలో మా డిస్కమ్‌కి, అంటే ఇళ్లకి కరెంటు సరఫరా చేసే కంపెనీకి, నాలుగు స్టార్లు ఇస్తాను. వాళ్ల లైను వల్ల మన సామాను కాలిపోతే డబ్బులిచ్చే విషయంలో ఒక్కటే. ఫోరానికి, అంటే కరెంటు వినియోగదారుల ఫిర్యాదులు విని తేల్చే సీజీఆర్ఎఫ్‌కి, మూడున్నర. విడివిడిగా ఎందుకంటే మా వీధిలో చాలామంది కరెంటాఫీసులో ‘కుదరదు’ అన్న మాట విని అక్కడితో వదిలేశారు. పై మెట్టు ఒకటుందని వాళ్లకి ఎవరూ చెప్పలేదు.

ఆ రోజు గాలివానకి ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర న్యూట్రల్ జంపర్, అంటే కరెంటు తిరిగి వెళ్లే న్యూట్రల్ తీగని కలిపే ముక్క తీగ, తెగిపోయింది. న్యూట్రల్ పోతే లోడు తక్కువున్న ఫేజు మీది ఇళ్లకి 230 వోల్టులు రావాల్సిన చోట 300, 350, ఒక్కోసారి 400 దగ్గరికి కూడా వచ్చేస్తుంది. ఒక ఇంట్లో బల్బు కళ్లు చెదిరేలా వెలుగుతుంటే పక్కింట్లో మిణుకుమిణుకుమంటుంది. మీకెప్పుడైనా అలా కనిపిస్తే ఆలోచించకుండా మెయిన్ ఆపేయండి. మా ఇంట్లో టీవీ బోర్డు, ఫ్రిజ్ బోర్డు, వైఫై రౌటర్ పోయాయి, వీధిలో ఇంకా చాలా ఇళ్లలో సెట్‌టాప్ బాక్సులు, మోటార్లు పోయాయి, పక్కింటి పెద్దాయన వాడే ఆక్సిజన్ మిషన్ కూడా కాలిపోయింది, నాకు అన్నిటికంటే బాధ, కోపం కలిగించింది అదే. 1912కి ఫోన్ చేస్తే లైన్‌మన్ అంత రాత్రి వచ్చి, తడుస్తూనే జంపర్ వేసి వెళ్లాడు. ఆయన పనికి వంక పెట్టను, నాలుగు స్టార్లూ ఆయనకే.

మర్నాడు ఆఫీసుకి వెళ్తే, ‘సామానుకి మేం ఇవ్వం సార్, అలాంటి రూల్ లేదు, స్టెబిలైజర్ పెట్టుకోవాల్సింది’ అన్నారు. ఇది తప్పు. వోల్టేజీని పరిమితిలో ఉంచి ఇవ్వడం సరఫరా చేసేవాళ్ల బాధ్యత. 2003 విద్యుత్ చట్టం సెక్షన్ 57 సేవకి ప్రమాణాలు ఉండాలని, అవి తప్పితే పరిహారం ఇవ్వాలని చెప్తుంది. ఇక స్టెబిలైజర్ మాటంటారా, ఇళ్లలో వాడే మామూలువి పనిచేసేది సాధారణంగా 300 వోల్టుల లోపే, న్యూట్రల్ పోయినప్పుడు వచ్చే వోల్టేజీ వాటి లెక్కలోనే ఉండదు. టీవీ కంపెనీని అడిగితే వోల్టేజీ వల్ల పోయినదానికి వారంటీ రాదని చేతులెత్తేస్తుంది. ఇద్దరూ కాదంటే మధ్యలో మనిషి ఏమైపోవాలి?

అసలు పని కాగితాల్లో ఉంది. 1912 వాళ్లిచ్చిన ఫిర్యాదు నంబర్ దాచాను. సర్వీస్ సెంటర్ కుర్రాడితో జాబ్ షీట్ మీద ‘హై వోల్టేజ్ వల్ల బోర్డు కాలింది’ అని రాయించి సంతకం పెట్టించుకున్నాను, కాలిన బోర్డు వెనక్కి తెచ్చుకున్నాను. అదే వేళకి సామాను పోయిన పక్కిళ్ల వాళ్లతో సర్వీస్ నంబర్లు వేయించి సంతకాలు తీసుకున్నాను, ఎందుకంటే ఒక్క ఇంట్లోనే పోతే ‘మీ ఇంటి వైరింగ్ లోపం’ అనేస్తారు. కరెంటాఫీసులో ఏఈ (అసిస్టెంట్ ఇంజనీర్) గారికి ఇచ్చిన ఉత్తరం కాపీ మీద ముద్ర వేయించుకున్నాను. అన్నిటికంటే పనికొచ్చింది ఆర్టీఐ. 10 రూపాయల ఫీజుతో ఆ తేదీ బ్రేక్‌డౌన్ రిజిస్టర్ నకలు అడిగితే, న్యూట్రల్ జంపర్ తెగిందని, సరిచేశామని వాళ్ల చేతిరాతతోనే వచ్చింది. దాని తర్వాత నా ఇంటి వైరింగ్ మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

ఫోరంలో ఫీజు లేదు, లాయర్ అక్కర్లేదు, తెలుగులో రాసిస్తే తీసుకున్నారు. 2020 నాటి వినియోగదారుల హక్కుల నిబంధనల ప్రకారం ఫిర్యాదు తేల్చడానికి గరిష్ఠంగా 45 రోజులు. విచారణలో డిస్కమ్ తరఫున వచ్చినాయన గాలివాన ప్రకృతి వైపరీత్యం అని వాదించాడు. చైర్‌పర్సన్ ఆ జంపర్ చివరిసారి ఎప్పుడు చెక్ చేశారో కాగితం చూపించమన్నారు. చూపించలేకపోయారు. నాకు ఆ ప్రశ్న చాలా నచ్చింది, ఫోరానికి ఎక్కువ మార్కులు అందుకే.

టీవీ, ఫ్రిజ్ రిపేరు బిల్లులు ఇవ్వమని ఆర్డరొచ్చింది. రౌటర్‌కి బిల్లు లేదు, రాలేదు. మనోవేదనకి కూడా అడిగాను, అది ఇవ్వలేదు. డబ్బు చెక్కుగా రాక నెలనెలా కరెంటు బిల్లులో తగ్గిస్తూ వచ్చారు. అద్దె ఇంట్లో ఉండేవాళ్లు ఇది ముందే అడిగి తేల్చుకోవాలి, ఇల్లు మారితే ఆ తగ్గింపు తర్వాత వచ్చినవాళ్లకి పోతుంది. ఒకటిన్నర స్టారు కోసింది ఇందుకూ, ఫోరాన్ని ఏర్పాటు చేసేది డిస్కమే కావడానికీ. విచారణ తేదీ ఫోన్‌లో ముందురోజు చెప్తే ఉద్యోగస్తులకి ఎంత ఇబ్బంది!

ఫోరం తీర్పు నచ్చకపోతే విద్యుత్ అంబుడ్స్‌మన్ ఉన్నారు. జిల్లా వినియోగదారుల కమిషన్‌కీ వెళ్లొచ్చు, నష్టం జరిగిన రెండేళ్ల లోపు, మనోవేదనకి పరిహారం అక్కడ అడగొచ్చు. పక్కింటి పెద్దాయన మిషన్ విషయం అక్కడికే తీసుకెళ్తున్నాం. మా వీధిలో ఇంకా ఫిర్యాదు వేయనివాళ్లకి గడువు మిగిలే ఉంది, జాబ్ షీటు, బిల్లులు పట్టుకుని వస్తే అప్లికేషన్ నేను రాసిపెడతాను, ఆర్టీఐ జవాబు కాపీ కూడా ఇస్తాను.