తెనాలిలో ఇల్లు, హైదరాబాద్‌లో ఆఫీసు, పాత లాప్‌టాప్‌లో లినక్స్ మింట్

ముందే చెప్పేస్తున్నా, నేను లినక్స్ (విండోస్‌కి బదులు ఉచితంగా పెట్టుకునే ఆపరేటింగ్ సిస్టమ్) భక్తురాలిని కాదు. పదకొండేళ్లుగా జావాలో ప్రోగ్రాములు రాసుకుని బతుకుతున్నా, అందులో ముప్పాతిక వంతు విండోస్ మీదే రాశాను, దాంతో నాకు పాత పగలేమీ లేవు. ఆఫీసు హైదరాబాద్‌లో, ఇల్లు తెనాలిలో. నెలకి రెండు మూడు రోజులు రైలెక్కి వెళ్లి మొహం చూపించి వస్తే సరిపోతుంది. చిన్న కంపెనీ కాబట్టి సొంత లాప్‌టాప్ వాడుకోనిస్తారు. ఆఫీసు వాళ్లే లాప్‌టాప్ ఇచ్చి అన్నిటికీ తాళాలు వేసిపెట్టినవాళ్లకి ఈ రివ్యూ పెద్దగా పనికిరాదు, మీ ఐటీ వాళ్లు ఏది ఎక్కిస్తే అదే మీ ఆపరేటింగ్ సిస్టమ్.

నాది 2017లో కొన్న లాప్‌టాప్. ఏడో తరం ఇంటెల్ ఐ5 ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్. విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో అయిపోతుందని తెలిసినప్పటి నుంచీ నాకు ఒకటే టెన్షన్, ఎందుకంటే విండోస్ 11కి టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ ఏర్పాటు లాప్‌టాప్‌లో ఉండాలి, ఇంటెల్ ప్రాసెసర్ అయితే దాదాపుగా ఎనిమిదో తరం నుంచే ఒప్పుకుంటుంది. ఒక్క తరం తేడాలో తప్పిపోయింది నాది. ప్లాట్‌ఫారం మీదకి వచ్చేసరికి రైలు కదిలిపోయినట్టు. దొడ్డిదారిన ఎక్కించే పద్ధతులున్నాయి, ఇంకో ఏడాది సెక్యూరిటీ అప్‌డేట్లు తెచ్చుకునే పథకమూ పెట్టారు, కానీ జీతం తెచ్చిపెట్టే మిషన్ మీద దొడ్డిదారి పనులు చేయడం నాకిష్టం లేదు. పోనీ కొత్తది కొందామా అంటే ఉన్నది శుభ్రంగా పనిచేస్తోంది, కీబోర్డు మీద రెండు అక్షరాలు అరిగిపోయాయంతే.

అలా 2025 మొదట్లో మింట్ 22.1 ఎక్కించాను, తర్వాత 22.2కి మారాను. ఇది ఉబుంటు 24.04 అనే ఇంకో లినక్స్ మీద కట్టిందే, 2029 దాకా అప్‌డేట్లు వస్తాయి. అలాంటప్పుడు ఉబుంటునే పెట్టుకోవచ్చు కదా అని మా టీమ్‌లో అడిగారు. పెట్టుకోవచ్చు. నాకు కింద టాస్క్‌బార్, ఎడమ మూల మెనూ ఉంటే చాలు, ఈ వయసులో కొత్త అలవాట్లు నేర్చుకునే ఓపిక లేదు. మింట్‌లో సినమన్ డెస్క్‌టాప్ అచ్చం అలాగే ఉంటుంది. మా అత్తయ్య నా లాప్‌టాప్‌లో వారం రోజులు యూట్యూబ్ చూశాక కూడా ఏదో మారిందని గమనించలేదు, అంతకంటే పెద్ద సర్టిఫికెట్ నేను ఇవ్వలేను. ర్యామ్ ఇంకో 8 జీబీ వేయించాను, డబ్బు ఖర్చయింది దానికొక్కదానికే.

పని విషయానికొస్తే, తేడా డాకర్ దగ్గరే తెలిసిపోతుంది, అంటే ఒక్కో ప్రోగ్రాంని దానికి కావలసినవన్నీ కలిపి కంటైనర్ అనే డబ్బాలో పెట్టి నడిపే సాధనం. మేము రాసేదంతా చివరికి లినక్స్ సర్వర్‌లోనే నడుస్తుంది. విండోస్‌లో మేం వాడే ఈ కంటైనర్లు నడవాలంటే డబ్ల్యూఎస్ఎల్ 2 పేరుతో లోపల ఇంకో లినక్స్ లేవాలి, సెట్టింగుల్లో మనం ఏమీ మార్చకపోతే అది ర్యామ్‌లో సగం దాకా మింగగలదు. మ్యాక్‌లో కూడా లోపల నడిచేది వర్చువల్ మిషనే. లినక్స్‌లో ఆ మధ్యవర్తి ఉండడు, కంటైనర్లు ఉన్న కర్నెల్‌నే (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) వాడుకుంటాయి. ఇప్పుడు డేటా దాచే, పంపే ప్రోగ్రాములు పోస్ట్‌గ్రెస్, రెడిస్, కాఫ్కా, మావి మూడు సర్వీసులు, కోడ్ రాసే ఐడీఈ, ఇరవై ట్యాబులతో బ్రౌజర్ అన్నీ తెరిచిపెట్టినా ఫ్యాను మోగుతుందే తప్ప మౌస్ బిగుసుకుపోదు. ఇదివరకు ఇదే లాప్‌టాప్‌లో, అప్పటికి ర్యామ్ కూడా తక్కువే అనుకోండి, కాఫ్కా లేపి టీ పెట్టుకోవడానికి వంటింట్లోకి వెళ్లేదాన్ని.

ఇంకోటి చెప్పాలి. ఒకరోజు రాత్రి ఎనిమిదిన్నరకి మా టీమ్ కుర్రాడు ఫోన్ చేశాడు. "అక్కా, నా దగ్గర బానే నడుస్తోంది, సర్వర్‌లో బిల్డ్ (కోడ్‌ని నడిచే ప్రోగ్రాంగా కట్టడం) పడిపోతోంది. నిజంగా నేనేం మార్చలేదక్కా." వాడిది మ్యాక్. వాడి కోడ్ తెచ్చుకుని నడిపితే నా దగ్గరా పడిపోయింది. తీరా చూస్తే ఫ్రంటెండ్‌లో (తెర మీద కనపడే భాగం) ఒక ఫైలు పేరు పెద్దక్షరంతో మొదలవుతోంది, దాన్ని పిలిచే ఇంపోర్ట్ లైన్‌లో అదే పేరు చిన్నక్షరంతో ఉంది. విండోస్, మ్యాక్ మామూలుగా ఆ తేడా పట్టించుకోవు, లినక్స్‌కి మాత్రం అవి రెండు వేరువేరు ఫైళ్లు. రెండు నిమిషాల పని, దానికోసం వాడు సాయంత్రం నాలుగు నుంచి కుస్తీ పడుతున్నాడు. విండోస్ వాళ్లకి ఇలాంటిదే ఇంకో జబ్బు ఉంది, షెల్ స్క్రిప్టులో (కమాండ్లు వరసగా రాసిపెట్టిన ఫైలు) ప్రతి లైను చివరా కంటికి కనపడని అక్షరం ఒకటి చేరిపోయి సర్వర్‌లో ఆ స్క్రిప్టు మొదటి లైనే నడవదు. సర్వర్‌లో ఉన్నదే ఇంట్లోనూ ఉంటే ఇలాంటివి మన దగ్గరే బయటపడతాయి. ఆఫీసులో అయితే పక్క కుర్చీ వాడిని పిలిచి చూపిస్తాం, ఇంట్లో ఎవరిని పిలుస్తాం?

అలాగని ఆ కుర్రాడి మ్యాక్‌ని తీసిపారేయలేను. దాని బ్యాటరీ చూస్తే నాకు ఏడుపొస్తుంది. వాడు ఛార్జర్ హాస్టల్‌లో మర్చిపోయి వచ్చి సాయంత్రం దాకా పనిచేసుకుంటాడు. ఎండాకాలం మధ్యాహ్నం మా వీధిలో కరెంటు పోతే నాకున్నది నలభై నిమిషాలు. బ్యాటరీ ఆదా చేసే టీఎల్‌పీ అనే ప్రోగ్రాం పెట్టాక ఇంకో పది నిమిషాలు కలిసొచ్చింది, ఎనిమిదేళ్ల బ్యాటరీని అంతకంటే ఏం అడుగుతాం. రౌటర్‌కి చిన్న యూపీఎస్ ఒకటి పెట్టుకున్నా, ఇంటి నుంచి పనిచేసేవాళ్లు ఏ ఆపరేటింగ్ సిస్టమ్ అని కొట్టుకునే ముందు అది కొనుక్కోండి.

ఇక తిట్లు. మొదటి తిట్టు నిద్రకి. మూత వేస్తే లాప్‌టాప్ పడుకోవాలి. నాది పదిసార్లలో తొమ్మిదిసార్లు పడుకుంటుంది, పదోసారి పడుకున్నట్టు నటిస్తుంది. ఒకసారి బ్యాగులో పెట్టుకుని రైలెక్కితే విజయవాడ వచ్చేసరికి బ్యాగు ఇస్త్రీపెట్టెలా ఉంది. అప్పటి నుంచి ఊరికి బయల్దేరితే పూర్తిగా ఆపేసే తీసుకెళ్తున్నా.

రెండోది మీటింగులు. స్క్రీన్ షేర్ గురించి చాలా భయపెట్టారు కానీ మింట్ సినమన్ ఇప్పటికీ తెర మీద బొమ్మలు చూపించే పాత పద్ధతి ఎక్స్11 మీదే మామూలుగా లేస్తుంది కాబట్టి నాకు ఒక్కసారి కూడా నల్ల తెర రాలేదు. మైక్రోసాఫ్ట్ టీమ్స్‌కి లినక్స్ యాప్ ఒకప్పుడు ఉండేది, 2022 చివర్లో ఆపేశారు, ఇప్పుడు బ్రౌజర్‌లో తెరుచుకోవాలి, అదీ బానే ఉంది. బ్లూటూత్ హెడ్‌సెట్‌తోనే నా గొడవ. పాటలు వింటే అమృతంలా ఉంటుంది, మీటింగ్‌లో మైక్ ఆన్ అవ్వగానే గొంతులు బావిలోంచి వస్తున్నట్టు వినపడతాయి. మైక్ కోసం బ్లూటూత్ వేరే మోడ్‌లోకి మారడం వల్ల వచ్చే చిక్కు ఇది, ఒక్క లినక్స్‌దే తప్పని అనను. స్టేషన్ రోడ్డులో మామూలు వైరు ఇయర్‌ఫోన్లు కొనుక్కొచ్చా, సమస్య తీరిపోయింది.

మూడోది వీపీఎన్, అంటే ఇంటి నుంచి కంపెనీ నెట్‌వర్క్‌లోకి భద్రంగా వెళ్లే దారి. మేం పనిచేసే ఒక క్లయింటు వాళ్ల వీపీఎన్ ప్రోగ్రాంకి లినక్స్ వెర్షన్ పేరుకి ఉంది, పాత ఉబుంటు కోసం చేసింది. రెండు సాయంత్రాలు పోయాయి దానికి. వాళ్ల సపోర్టుకి మెయిల్ పెడితే "దయచేసి విండోస్‌లో ప్రయత్నించగలరు" అని జవాబు. మామూలు ఓపెన్‌వీపీఎన్ ఫైలు ఇచ్చే కంపెనీలయితే నెట్‌వర్క్ సెట్టింగుల్లో ఆ ఫైలు ఎక్కిస్తే చాలు, నిమిషం పని.

అసలు భయపడింది మాత్రం ఇంకోచోట. ఒక సోమవారం పొద్దున తొమ్మిదిన్నరకి స్టాండప్ (టీమ్ అంతా కలిసే చిన్న మీటింగ్), తొమ్మిదింపావుకి లాప్‌టాప్ తెరిస్తే వైఫై గుర్తే లేదు. ముందురోజు రాత్రి కర్నెల్ అప్‌డేట్ అయింది, నా వైఫై చిప్‌కి దానితో పడలేదు. అదే సమయానికి బయట నుంచి అత్తయ్య: "అమ్మాయ్, ఇంట్లోనే ఉన్నావుగా, గ్యాస్ వాడొచ్చాడు, కాస్త చూడమ్మా." చేతులు చల్లబడ్డాయి నాకు. ఫోన్‌ని యూఎస్‌బీ కేబుల్‌తో తగిలించి టెథరింగ్ ఆన్ చేస్తే నెట్ వచ్చింది, స్టాండప్ అలాగే కానిచ్చాను. తర్వాత రీస్టార్ట్ చేసి, మొదట్లో వచ్చే మెనూలో పాత కర్నెల్ ఎంచుకుంటే వైఫై దానంతటదే వచ్చేసింది. ఆ రోజు దాకా సిస్టమ్‌కి నకలు తీసిపెట్టే టైమ్‌షిఫ్ట్ పెట్టుకోమని మింట్ అడుగుతుంటే తర్వాత చూద్దాంలే అని దాటేసేదాన్ని. ఇప్పుడు రోజూ ఒక స్నాప్‌షాట్ తీస్తుంది, అప్‌డేట్ బెడిసికొడితే నిన్నటి స్థితికి వెళ్లిపోవచ్చు. ఒక్కటి గుర్తుపెట్టుకోండి, అది కాపాడేది సిస్టమ్‌ని, మనం మార్చకపోతే హోమ్ ఫోల్డర్‌లో ఉన్న మన ఫైళ్ల జోలికి పోదు, వాటి బ్యాకప్ మనమే చూసుకోవాలి.

తెలుగు సంగతి కూడా చెప్పేస్తా. బ్రౌజర్‌లో, లిబ్రే ఆఫీస్‌లో తెలుగు ముద్దుగా కనిపిస్తుంది, ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు సెట్టింగుల్లోనే ఉంది. కమాండ్లు కొట్టే టెర్మినల్‌లో మాత్రం ఘోరం, ఒత్తులు ఒకచోట, అక్షరాలు ఒకచోట. మా అప్లికేషన్‌లో కస్టమర్ల పేర్లు తెలుగులో వస్తాయి, లాగ్ (ప్రోగ్రాం రాసుకునే చిట్టా) చదవాలంటే ఫైలు ఎడిటర్‌లో తెరవాల్సిందే. మా మరిది పెళ్లి కార్డు ఫైలు ప్రింటింగ్ ప్రెస్ వాళ్లు పాత డీటీపీ ఫాంట్లలో పంపితే తెరవగానే పిచ్చి గీతలు. పీడీఎఫ్ చేసి పంపమని అడిగితే "మీ దగ్గర విండోస్ లేదా మేడమ్?" అని ఆ అబ్బాయి జాలిగా అడిగాడు.

మీరు సర్వర్‌లో నడిచే కోడ్ (బ్యాకెండ్) రాస్తూ, పాత లాప్‌టాప్ ఉండి, ఏదైనా చెడితే ఒక గంట కూర్చుని వెతుక్కునే ఓపిక ఉంటే పెట్టుకోండి. ముందు పెన్‌డ్రైవ్ నుంచి లేపి వైఫై, కెమెరా, మైక్, మూత వేస్తే నిద్ర, ఈ నాలుగూ చూసుకోండి, డిస్క్‌లో ఏమీ చెరిపేయక్కర్లేదు. మైక్రోసాఫ్ట్ డాట్‌నెట్‌తో చేసిన పాత ప్రాజెక్టులు, మాక్రోలు నిండిన ఎక్సెల్ షీట్లు మీ బతుకుతెరువైతే విండోస్‌లోనే ఉండిపోండి. డబ్బుండి బ్యాటరీ ముఖ్యమైతే మ్యాక్. నేనైతే మింట్‌కి ఐదుకి నాలుగు ఇస్తా, తగ్గించిన ఆ ఒక్క మార్కూ విజయవాడ దాకా నా ఒళ్లో కాలిన బ్యాగుకి. ఈ ఆదివారం మావయ్య పాత డెస్క్‌టాప్‌కి కూడా ఇదే ఎక్కించాలి, ప్రింటర్ పనిచేస్తుందా అని ఆయన ఇప్పటికి మూడుసార్లు అడిగారు.